ఏ కడుపు?

తెలుగులో కడుపు ఒక్కటే మాట. అన్నం పోయేదీ కడుపే, బిడ్డ పెరిగేదీ కడుపే. కడుపు నిండడం ఒక కడుపుది, కడుపు పండడం ఇంకో కడుపుది. కడుపు మాడ్చుకోవడం, కడుపుకోత - రెండూ ఆడవాళ్ల నోట ఎక్కువగా వినే మాటలే. శరీరశాస్త్రం రెండు అవయవాలుగా విడదీసిన దాన్ని భాష ఒక్కటిగానే ఉంచింది. ఇందులో తప్పేమీ లేదు. ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి, పక్కపక్కనే నొస్తాయి. చిక్కల్లా వినేవాళ్లతో వచ్చింది. స్త్రీ 'కడుపు' అన్నప్పుడు వైద్యం, ప్రభుత్వం, కుటుంబం ముగ్గురూ గర్భాన్నే వింటూ వచ్చారు. బువ్వ తినే కడుపును వినలేదు. మన స్త్రీల రక్తహీనత చరిత్రను చదువుతున్నకొద్దీ అది చాలావరకు ఈ వినికిడి చరిత్రేనని నాకు అనిపిస్తూ వచ్చింది.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి వైపు బీడీలు చుట్టే స్త్రీల మాటలు సేకరిస్తున్నప్పుడు ఒక పెద్దావిడను కడుపునొప్పి ఎన్నాళ్ల నుంచని అడిగాను. "ఏ కడుపు బిడ్డా? బువ్వ తినే కడుపా, పిల్లల సంచా?" అని ఎదురడిగింది. పిల్లల సంచి ఆమెకు లేదు. తీసేసి చాలా ఏళ్లయింది. నొప్పి మాత్రం ఉంది, మంటగా, తెల్లవారుజామున లేపేంతగా. నెత్తురు తక్కువుందని చెప్పి ఇచ్చిన గోలీలు మింగితే ఆ మంట ఇంకా ఎక్కువవుతుందని మానేసింది. ఆరోగ్య కార్యకర్తల భాషలో ఇలాంటి స్త్రీకి ఒక పేరుంది - 'మాత్రలు సరిగా వాడని మహిళ'.

2016 అక్టోబరులో కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు ముక్కలయ్యాయి. కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల, ఆదిలాబాద్ నుంచి నిర్మల్, మంచిర్యాల, కొమురం భీం ఆసిఫాబాద్ విడిపోయాయి. నేను పాత పేర్లతోనే మాట్లాడుతున్నాను, ఎందుకంటే బీడీ, మగ్గం, బొగ్గుబావి, గల్ఫు వలస, జొన్నచేను, అడవి అన్నీ కలిసిన ఆ బతుకులు పాత సరిహద్దుల్లోనే తయారయ్యాయి. స్త్రీల రక్తాన్ని దేశవ్యాప్తంగా కొలవడం మొదలైంది 1998-99లో, రెండో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేతో. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో దాదాపు సగం మందికి రక్తహీనత ఉందని తేలింది. 2015-16లో తెలంగాణలో 56.6 శాతం. 2019-21లో 57.6 శాతం. ఆ చివరి సర్వేలో దేశం మొత్తం మీద స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం. ఎన్ని కోట్ల ఇనుము మాత్రలు పంచినా ఈ అంకె కదలకపోవడమే ఇక్కడి అసలు ప్రశ్న. దీనికి రెండు జవాబులు తయారుగా ఉన్నాయి: ఆడవాళ్లు సరిగా తినరు, ఆడవాళ్లు మాత్రలు మింగరు. రెంటిలోనూ తప్పు ఆమెదే.

మింగింది ఎక్కడికి పోతోంది అన్నది మూడో ప్రశ్న. ఇది చాలా ఆలస్యంగా వచ్చింది.

జీర్ణాశయపు గోడమీది జిగురుపొరలో మెలికలు తిరిగి బతికే ఒక బాక్టీరియా ఉంది, పేరు హెలికోబాక్టర్ పైలోరి. ఆమ్లంలో ఏ క్రిమీ బతకదని వైద్యశాస్త్రం నమ్మిన చోట ఇది అమ్మోనియాను తయారుచేసుకుని తనచుట్టూ ఆమ్లాన్ని విరగ్గొట్టుకుని బతుకుతుంది. సాధారణంగా పసితనంలోనే, ఇంట్లోవాళ్ల నుంచే అంటుతుంది. మందు పడకపోతే జీవితాంతం ఉంటుంది. చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి పుండ్లు పడతాయి, అతి కొద్దిమందికి క్యాన్సర్. కాని అందరిలోనూ అది జీర్ణాశయాన్ని ఎంతోకొంత వాచేలా చేస్తుంది. ఆ వాపు ఏళ్ల తరబడి సాగితే కొందరిలో ఆమ్లాన్ని స్రవించే కణాలు తగ్గిపోతాయి. మన జొన్నలో, బియ్యంలో, పుంటికూరలో ఉన్న ఇనుము పేగులోకి ఇంకాలంటే ఆ ఆమ్లమూ, జీర్ణరసంలోని సి విటమినూ కావాలి. మాంసంలో ఉన్న ఇనుముకు వీటి అవసరం తక్కువ. అంటే ఈ సూక్ష్మజీవి వల్ల ఎక్కువ నష్టపోయేది మాంసం దొరకని పళ్లెమే. దీనికి తోడు బాక్టీరియా తన బతుక్కి తానూ ఇనుము వాడుకుంటుంది. పుండు ఉంటే కంటికి కనిపించకుండా నెత్తురు కారుతుంది. ఒంట్లో ఎక్కడ వాపున్నా కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ను విడుదల చేసి ఇనుము లోపలికి రాకుండా తలుపు మూస్తుంది. బి12 విటమిన్‌ది ఇలాంటి కథే. ఆహారం నుంచి దాన్ని విడదీయడానికి ఆమ్లం కావాలి, పేగు దాకా మోసుకుపోవడానికి జీర్ణాశయం తయారుచేసే ఒక ప్రొటీన్ కావాలి.

ఈ బాక్టీరియా ఆడా మగా చూడదు. పెద్దవాళ్లలో మగవాళ్లకే కాస్త ఎక్కువని కూడా అధ్యయనాలున్నాయి. కాని మగవాడి ఒంట్లో ఇనుము నిల్వ ఉంటుంది. నెలనెలా పోయేదీ, కాన్పులో పోయేదీ ఆమెదే. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం పురుషుడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము కావాలి, స్త్రీకి 29. అంత తేడా ఉన్నచోట ఇంకడంలో కాస్త తరుగు వచ్చినా అది ముందు ఆమె దగ్గరే కనిపిస్తుంది. ఇద్దరి కడుపులోనూ ఒకే అప్పు పడితే తీర్చేది ఆమె.

వెనక్కి వెళితే, రక్తహీనతకు మన ఆయుర్వేదం పెట్టిన పేరు పాండురోగం, ఒళ్లు పాలిపోయే జబ్బు. చరకసంహిత చెప్పిన అయిదు రకాల పాండురోగాల్లో అయిదోది మట్టి తినడం వల్ల వచ్చేది. మట్టి, బలపం, పచ్చిబియ్యం తినాలనిపించడం మన ఊళ్లలో కడుపుతో ఉన్న స్త్రీల 'కోరిక'గా, నవ్వుకునే ముచ్చటగా మిగిలింది. అది చాలాసార్లు ఇనుము లోపానికి గుర్తని నేటి వైద్యం అంటుంది. మొదటి అయిదు రకాల లెక్కలోనే, నోట్లోకి పోయినదాన్నీ ఒంటిమీది పాలిపోవడాన్నీ కలిపి చూసినవాళ్లు ఉన్నారని గుర్తుపెట్టుకోవాలి. యూరపులో దారి వేరు. 1554లో యోహానెస్ లాంగె అనే జర్మన్ వైద్యుడు పాలిపోయి, ఆయాసపడుతూ, అన్నం సహించని పడుచుపిల్ల గురించి ఒక ఉత్తరం రాశాడు. దానికి 'కన్యల జబ్బు' అని పేరు పెట్టి, పెళ్లి చేస్తే పోతుందన్నాడు. ఆ జబ్బే తర్వాత 'క్లోరోసిస్' అయింది. పందొమ్మిదో శతాబ్దం చివరికి గాని అది ఇనుము లోపమని రుజువు కాలేదు. ఆ శతాబ్దపు ఇంగ్లండులో జీర్ణాశయం పుండు పడి చిల్లుపడటం ఎక్కువగా పడుచు స్త్రీలలో, అందులోనూ ఇళ్లల్లో పనిచేసే పిల్లల్లో కనిపించేదని వైద్య చరిత్రకారులు రాశారు. పాలిపోయిన పిల్ల, పుండు పడ్డ పిల్ల ఒకే వయసు, ఒకే తరగతి. అయినా పాలిపోయిన పిల్లకు మాత్రం గర్భాశయమే కారణమయింది. ఆ రోజుల్లో వాళ్ల కడుపుల్లో ఏ క్రిమి ఉందో ఇప్పుడు ఎవరమూ పరీక్ష చేయలేం గనుక నేను అంతకుమించి ముందుకు పోను. నా ఆసక్తి ఆ క్రిమిలో కన్నా, పెళ్లి అనే మందులో ఉంది.

ఈ వినికిడిని మార్చడానికి మొదటిసారి గట్టిగా ప్రయత్నించినవాళ్లలో ఒక స్త్రీ ఉంది. లూసీ విల్స్ (1888-1964) లండన్‌లో చదువుకున్న వైద్యురాలు. 1928లో బొంబాయి వచ్చింది. గర్భిణులు ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవడానికి మార్గరెట్ బాల్ఫోర్ అనే మరో వైద్యురాలు నడిపిస్తున్న విచారణలో చేరి, హాఫ్‌కిన్ సంస్థలో పనిచేసింది. బొంబాయి మనకు పరాయి ఊరు కాదు. తెలంగాణ నుంచి వెళ్లిన కూలీల పేరుమీదనే అక్కడ కామాఠిపురా వెలసింది. కరీంనగర్ పద్మశాలీలు తరతరాలుగా ఆ మిల్లులకే వలసపోయారు. విల్స్ ఏ వర్గం స్త్రీలు ఏం తింటున్నారో, ఎవరికి ప్రాణం మీదికి వచ్చే రక్తహీనత వస్తోందో పోల్చి చూసింది. పేద ముస్లిం స్త్రీల ఆహారమే అన్నిటికన్నా నాసి, జబ్బూ వాళ్లలోనే ఎక్కువ. ఈమెను నేను ఇష్టపడటానికి ఇంకో కారణముంది. గర్భిణుల రక్తహీనతను పరిశీలిస్తూ ఈ పరిశోధనలు జీర్ణరసాన్ని కూడా పరీక్షించాయి. 'పెర్నీషియస్ అనీమియా' అనే జబ్బులో జీర్ణాశయంలో ఆమ్లం ఉండదు. ఈ స్త్రీలలో ఆమ్లం ఉంది. కాబట్టి ఇది అది కాదు, మరేదో లోపం అని తేలింది. గర్భిణిని పెట్టుకుని ఆమె రెండో కడుపులోకి కూడా చూసిన అరుదైన సందర్భం ఇది. 1931లో ఆ లోపాన్ని పూడ్చే వస్తువు దొరికిందని విల్స్ ప్రకటించింది. అది బీరు తయారీలో మిగిలే ఈస్టుతో చేసే మార్మైట్ అనే చవక పదార్థం. అందులో ఉన్నదేమిటో తెలియక చాలా ఏళ్లు దాన్ని 'విల్స్ ఫ్యాక్టర్' అనేవాళ్లు.

అది ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసి 1945-46లో లోకానికి ఇచ్చింది లెడర్లీ సంస్థలో యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం. సుబ్బారావు అన్నదమ్ములిద్దరు వెంటవెంటనే స్ప్రూ అనే పేగు జబ్బుతో పోయారు. ఆయనకూ అదే వచ్చింది. ఎంత తిన్నా ఒంటికి పట్టని జబ్బు అది. పోషకాలు పేగులోంచి ఇంకకుండా పోతాయి, రక్తం విరిగిపోతుంది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో కోలుకున్నానని ఆయన చెప్పుకున్నాడు. ఆ స్ప్రూ రోగుల రక్తాన్ని నిలబెట్టింది చివరికి ఈ ఫోలిక్ ఆమ్లమే. ఆయన అమెరికా నుంచి తిరిగి రాలేదు, 1948లో అక్కడే చనిపోయాడు. భార్య శేషగిరి ఇక్కడే ఒంటరిగా ఉండిపోయింది. మన పాఠ్యపుస్తకాలు సుబ్బారావును తలుచుకున్నప్పుడు ఆమె గురించి మాట్లాడవు, విల్స్ గురించీ మాట్లాడవు. తినడం వేరు, ఒంటికి పట్టడం వేరు అన్న సంగతి ఒక తెలుగు ఇంట్లో ఇంత దగ్గరగా తెలిసి ఉండి కూడా అది ప్రజారోగ్యంలోకి రాలేదన్నది నన్ను వేధిస్తుంది.

1958లో కూనూరు నుంచి పోషకాహార పరిశోధన సంస్థ హైదరాబాదుకు మారింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాక నుంచి తెలంగాణ పల్లెల పళ్లెం చాలా దగ్గర. 1960లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా జొన్న తినేవాళ్లలో వచ్చే పెల్లాగ్రా గురించి లాన్సెట్ పత్రికలో రాశారు. చర్మం మాడిపోయి, పొలుసులు కట్టి, మతి చలించే ఆ జబ్బు దక్కన్ జొన్న ప్రాంతాల పేదలది. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ ఉండటం వల్ల నియాసిన్ ఒంటికి పట్టడం లేదన్నది వాళ్ల వాదన. తర్వాత దానిమీద చాలా చర్చ జరిగింది. గటుక, అంబలి తాగి బతికిన ఆదిలాబాద్ గోండు, కోలామ్ గూడేలకూ, కరీంనగర్ మాదిగ, మాల వాడలకూ ఇది సొంత కథే. కాని ఆ చర్చలో జొన్న ముద్దాయి అయింది. జొన్న ఒక్కటే తినాల్సి రావడం కాలేదు.

ఆ సంస్థలోనే పనిచేసిన వీణా శత్రుఘ్న ఈ మాటను పదేపదే అన్నారు. చవకలో కాలరీలు ఎలా నింపాలన్న లెక్కతో మన పోషకాహార విధానం ధాన్యం చుట్టూ తిరిగిందనీ, మాంసం, గుడ్డు, పాలు పేదల పళ్లెం నుంచి లెక్కల్లోనే మాయమయ్యాయనీ, ఆ లెక్కల వెనుక అగ్రకుల శాకాహారం ఉందనీ ఆమె విమర్శ. 1991లో స్త్రీల ఆరోగ్యం మీద వచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన చాలామంది ఇళ్లల్లో ఉంది. స్త్రీ శరీరాన్ని స్త్రీల ప్రశ్నలతో చదవడం తెలుగులో ఆ పుస్తకంతో బలపడింది. నేను ఇక్కడ చేస్తున్నది ఆ ప్రశ్నల వరసలో ఇంకొకటి చేర్చడమే. శత్రుఘ్న అడిగింది పళ్లెంలో ఏముందని. పళ్లెం తర్వాత ఏమవుతోందన్నది దానికి పోటీ ప్రశ్న కాదు. కూరగాయలే తప్ప వేటమాంసం రాని పళ్లెంలో ఇనుము ఇంకడం జీర్ణాశయం మీద ఎక్కువ ఆధారపడుతుందని ముందే చెప్పాను. కులం పళ్లెంలోంచి కడుపులోకి ఇలా దిగుతుంది.

1970లో జాతీయ రక్తహీనత నివారణ కార్యక్రమం మొదలైంది. గర్భిణికి, బాలింతకు, చిన్నపిల్లలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు. గర్భిణికి నూరు మాత్రలు, ఒక్కో మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము. 1990ల మొదట్లో దాన్ని 100 మిల్లీగ్రాములు చేశారు. నెత్తురు పెరగలేదు గనుక మోతాదు పెంచారు. పెంచిన కొద్దీ వాంతి, మంట, నల్లటి విరేచనం కూడా పెరిగాయి. పెళ్లికాని పిల్ల, కాన్పులైపోయిన యాభై ఏళ్ల ఆడమనిషి ఈ కార్యక్రమంలో చాలాకాలం లేనే లేరు. కౌమార బాలికలకు వారానికొక నీలం మాత్ర 2013 నాటికి గాని దేశమంతటా రాలేదు. ప్రభుత్వానికి స్త్రీ రక్తంతో పని, ఆ రక్తం ఇంకొకరికి పోయేటప్పుడే.

ఈలోగా ప్రపంచంలో కడుపు కథ తిరగబడింది. అంతదాకా జీర్ణాశయం పుండు అంటే ఒత్తిడి, కారం, కాఫీ. అమెరికాలో అది పెద్ద ఉద్యోగాల మగవాళ్ల జబ్బు, గౌరవమైన జబ్బు. మన దగ్గర 'కారం తగ్గించు, ఆలోచనలు పెట్టుకోకు' అని ఆడవాళ్లకు ఇచ్చే సలహా. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ రోగుల జీర్ణాశయం నుంచి ఈ బాక్టీరియాను పెంచి చూపించారు. ఈస్టరు సెలవులకు పళ్లాలు అలా వదిలేసిపోతే, మామూలుగా పారేసే రెండ్రోజులకు బదులు అయిదారు రోజులుండి, అవి మొలిచాయి. ఎవరూ నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రావణం తానే తాగాడు. మూడు రోజులకు నోరు వాసన కొట్టడం మొదలైంది, దాన్ని పసిగట్టింది అతని తల్లి. వీళ్లిద్దరికీ 2005లో నోబెల్ వచ్చింది. ఆ తల్లి ముక్కు గురించి ఉపన్యాసాల్లో ఒక నవ్వు వస్తుంది, అంతే. నాకు మాత్రం ఆ పరిశోధనలో అదే మొదటి రోగనిర్ధారణ అనిపిస్తుంది.

రక్తహీనతతో ఈ బాక్టీరియాకు ముడి పడింది 1991లో, బెల్జియం నుంచి వచ్చిన ఒక నివేదికతో. రోగి 15 ఏళ్ల అమ్మాయి. ఇనుము లోపం ఉంది, దానికి మామూలు కారణాలేవీ కనిపించలేదు. జీర్ణాశయంలో వాపు ఉంది, క్రిమి ఉంది. క్రిమికి మందిస్తే రక్తం నిలబడింది. లాంగె చూసిన పాలిపోయిన పిల్లకు అదే వయసు ఉండి ఉంటుంది. తర్వాత అలాంటివి చాలా వచ్చాయి. కారణం తెలియని ఇనుము లోపం ఉన్న పెద్దవాళ్లకు ఈ క్రిమిని పరీక్షించి, ఉంటే తొలగించమని యూరపు నిపుణుల మాస్ట్రిక్ట్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఢిల్లీలో రక్తహీనత ఉన్న 40 మంది గర్భిణులను పరీక్షిస్తే 25 మందిలో ఈ క్రిమి ఉందనీ, ఇనుముతో పాటు దానికీ మందిచ్చినవాళ్లలో రక్తం మెరుగ్గా పెరిగిందనీ 2011లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. చిన్నదే, దాన్ని పట్టుకుని ఊరేగలేం. పైగా 2008లో బంగ్లాదేశ్ పసిపిల్లల మీద జరిగిన పరిశోధన ఇందుకు ఎదురు చెప్పింది: ఆ పిల్లల్లో ఇనుము లోపానికి గాని, మాత్రలు పనిచేయకపోవడానికి గాని ఈ క్రిమి కారణం కాదని. కాబట్టి రక్తహీనత అంతా దీనివల్లే అని చెప్పేవాళ్లను నమ్మకూడదు. తిండి చాలకపోవడం ఉంది, కొంకి పురుగులు ఉన్నాయి, మలేరియా ఉంది, గోండులలో సికిల్ సెల్ ఉంది. నేను అడుగుతున్నది వేరు: ఇంతమంది ముద్దాయిల వరసలో దీన్ని ఎందుకు నిలబెట్టలేదని.

నిలబెట్టడానికి మన దగ్గర సాక్ష్యం లేక కాదు. 1991లోనే హైదరాబాదు జనాల మీద ప్రచురితమైన ఒక అధ్యయనంలో పరీక్షించినవాళ్లలో ఇంచుమించు అయిదింట నాలుగు వంతుల మందికి ఈ క్రిమి సోకి ఉంది, ఇరవై ఏళ్లు వచ్చేసరికే. 2007లో హైదరాబాదులోనే డెక్కన్ వైద్య కళాశాల పరిశోధకులు ఇంటి పరిశుభ్రతకూ, నీటికీ, ఈ క్రిమికీ సంబంధం చూశారు. బావినీళ్లు తాగేవాళ్లలో కుళాయి నీళ్లవాళ్లకన్నా ఎక్కువ కనిపించింది. నీటినుంచే వస్తుందా, నోటినుంచి నోటికా, మలం నుంచా అన్నది ఇంకా తేలని లెక్క. ఇరుకిల్లు, చాలని నీళ్లు, చేతులు కడుక్కోవడానికి కూడా కొలుచుకోవాల్సిన బిందె - ఇవి ఉన్నచోట ఇది ఎక్కువన్నది మాత్రం ఎక్కడ చూసినా అదే మాట.

ఆదిలాబాద్ ఏజెన్సీలో నీళ్లంటే చెలిమె. ఎండాకాలం వాగు ఎండితే ఇసుకలో గుంట తీసి, ఊరిన నీటిని గిన్నెతో తోడి, గుడ్డలో వడగట్టి బిందెకెత్తాలి. ఇది ఆడవాళ్ల పని. ఉట్నూరు, జైనూరు, కెరమెరి వైపు ఈ ఫోటోలు ప్రతి వేసవిలో పత్రికల్లో వచ్చాయి, వాటికింద 'అడవి బిడ్డల గొంతు తడిసేదెలా' లాంటి శీర్షికలతో. 2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక కూడా వచ్చాయి. హైమండార్ఫ్, ఆయన భార్య బెట్టీ 1940లలో మార్లవాయిలో ఉండి గోండుల గురించి రాశారు. 1940లో కొమురం భీం జోడేఘాట్‌లో చనిపోయింది అడవి మీద, నేల మీద, నీటి మీద హక్కు కోసం. జల్, జంగల్, జమీన్ అంటున్నప్పుడు ముందు వచ్చే మాట నీళ్లే. ఆ నీళ్లను మోసిన నెత్తికీ, ఆ నీళ్లు దిగిన కడుపుకూ ఉన్న సంబంధం మన ఉద్యమ సాహిత్యంలో ఎక్కడ ఉందో నేను ఇంకా వెతుకుతున్నాను.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. ఈ క్రిమి పసితనంలో ఎక్కువగా తల్లి నుంచి బిడ్డకు వస్తుందని శాస్త్రం అంటుంది. ముద్ద నమిలి పెట్టడం, ఎంగిలి గిన్నె. ఈ వాక్యం ప్రచార పోస్టరు మీదికెక్కితే ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదు: 'తల్లీ, నీ ఎంగిలితో బిడ్డకు జబ్బు'. తినని తల్లి, మింగని తల్లి తర్వాత అంటించే తల్లి. బిడ్డను ముద్దచేసి పెట్టే పని ఆమె ఒక్కదానికే ఎందుకుందో, కడుక్కోవడానికి రెండు చెంబుల నీళ్లు ఎందుకు లేవో అడగని శాస్త్రం, ఎంత నిజమైనా, మనకు సగమే పనికొస్తుంది.

బీడీల దగ్గరికి వస్తాను. బీడీకి కూలి వెయ్యి లెక్కన. వెయ్యి పూర్తయ్యేదాకా బువ్వ వాయిదా పడుతుంది. నడుం, మెడ, వేళ్లు నొస్తాయి, దుకాణంలో నొప్పిగోలీ దొరుకుతుంది, పరగడుపునే పడుతుంది. జీర్ణాశయం పుండుకు ప్రపంచంలో ప్రధాన కారణాలు రెండు: ఈ క్రిమి, నొప్పిగోలీలు. ఇక్కడ రెండూ ఒకే కడుపులో కలుస్తాయి. మంట లేస్తే దానికో 'గ్యాస్ గోలీ'. తెలంగాణలో 'గ్యాస్' అన్నంత పెద్ద జబ్బు ఇంకోటి లేదు. గుండెనొప్పి దగ్గర నుంచి దిగులు దాకా అన్నీ గ్యాసే. ఆమ్లాన్ని అణిచే ఆ గోలీలు నెలల తరబడి వాడితే ఇనుము, బి12 ఇంకడం తగ్గుతుంది. అంటే ఒకామె పొద్దున గ్యాస్ గోలీ, మధ్యాహ్నం నొప్పిగోలీ, రాత్రి నెత్తురు గోలీ మింగుతోందంటే మొదటి రెండూ కలిసి మూడోదాన్ని పడగొడుతున్నాయి. మూడూ మింగిన మనిషిని 'మాత్రలు వాడదు' అనడం ఎంత అన్యాయం!

గర్భసంచి సంగతి చెప్పకుండా ఈ కథ పూర్తికాదు. 2015-16 సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ల స్త్రీలు దేశంలో 3.2 శాతం ఉంటే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. నెత్తురు ఎక్కువ పోతోందని, తెల్లబట్ట అని, 'కడుపునొప్పి' అని. వీటిలో అవసరమైనవి ఉన్నాయి, అక్కర్లేనివి ఎన్నో ఉన్నాయని వైద్యులే ఒప్పుకున్నారు. కడుపు అనగానే కోసి తీసేయగల కడుపు ఒకటి దొరికింది. బువ్వ కడుపులోకి గొట్టం వేసి చూడటానికి మాత్రం పట్నం పోవాలి. మొదట నేను చెప్పిన పెద్దావిడ ఒక్కతే కాదు, సంచి పోయి మంట మిగిలినవాళ్లు.

మరి పరీక్షించి మందివ్వచ్చు కదా అంటే అదీ సులువు కాదు. రెండు యాంటీబయాటిక్‌లు, ఒక ఆమ్లనాశిని కలిపి పద్నాలుగు రోజులు వాడాలి. 2003లో ప్రచురించిన దేశవ్యాప్త అధ్యయనంలో ఈ బాక్టీరియా నమూనాల్లో 78 శాతం దాకా మెట్రోనిడజోల్‌కు లొంగలేదు. నమూనాలు తీసిన ఊళ్లలో హైదరాబాదు ఒకటి. చిన్న విరేచనానికీ ఆ మందే చీటీ లేకుండా అమ్మిన దశాబ్దాల ఫలితమిది. అందరికీ మందు పంచితే ఇంకా చెడుతుంది. మందుతో పోయినా, ఇంట్లో అందరికీ ఉండి, నీళ్లు అవే అయితే మళ్లీ రావచ్చు. కనీసం ఇనుము వాడినా నెత్తురు పెరగని స్త్రీని 'వాడలేదు' అనేముందు, ఊపిరి పరీక్షో, మలపరీక్షో చేయవచ్చు. ఆ పరీక్షలు కొత్తవి కావు.

2018లో వచ్చిన 'అనీమియా ముక్త్ భారత్' మొదటిసారి పోషకాహారం కాని కారణాలను కూడా లెక్కలోకి తీసుకుంది. అది పేరు పెట్టి చెప్పినవి మూడు: మలేరియా, సికిల్ సెల్ వంటి రక్తకణ దోషాలు, ఫ్లోరోసిస్. మూడూ తెలంగాణకు తెలిసినవే. నాలుగోదానికి చోటు లేదు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం రక్తహీనత ఎక్కువున్న తొమ్మిది జిల్లాల గర్భిణులకు పోషకాహార కిట్లు ఇచ్చింది. ఆదిలాబాద్, కొమురం భీం ఆసిఫాబాద్ ఆ తొమ్మిదిలో ఉన్నాయి. బుట్టలో ఖర్జూరాలు, నెయ్యి, ఇనుము సిరపు, పోషకాల పొడి, నులిపురుగుల మాత్ర. పేగులో పురుగు ఉండవచ్చన్న దాకా ప్రభుత్వం దిగివచ్చింది. ఖర్జూరాలు మంచివే, ఆ స్త్రీలు సంతోషంగానే తీసుకున్నారు. కాని ఆ బుట్ట కూడా కడుపుతో ఉన్న ఆమెకే.

తర్వాతి కుటుంబ ఆరోగ్య సర్వే నుంచి రక్తహీనత కొలతనే తీసేశారు. వేలి కొసన తీసే చుక్కతో లెక్క తప్పుతోందని, రక్తనాళం నుంచి తీసి కొలిచే వేరే సర్వేను జాతీయ పోషకాహార సంస్థకు అప్పగించారు. పద్ధతి మెరుగైతే మంచిదే. అంకె మారితే మాత్రం అది నెత్తురు మారడం వల్లనా, సూది మారడం వల్లనా అన్నది ఎవరైనా చెప్పాలి.

నేను ఇప్పుడు చదవాలనుకుంటున్నవి ఆసుపత్రుల ఓ.పి. చీటీలు. సాహిత్యం చదువుకున్నదానికి వాటితో ఏం పని అని మా విభాగంలోనే అడిగారు. అవి అనువాదాలు గనుక. 'కడుపుల మంట లేస్తది, కండ్లు తిరుగుతయి, కాళ్లు గుంజుతయి, బువ్వ ఇగురది' అని ఆమె చెబుతుంది. చీటీ మీద 'పెయిన్ అబ్డామెన్, వీక్‌నెస్' అని రెండు మాటలు పడతాయి. కింద మూడు మందులు. ఏ కడుపో ఇంగ్లీషులో కూడా రాసి ఉండదు.